ఓడినవాళ్ళకు ఇంకో మ్యాచ్

శ్రీకాకుళం జిల్లాలో మాదొక జిల్లా పరిషత్ హైస్కూలు. పదో తరగతి అమ్మాయి ఒకతె ఖోఖోలో జిల్లా జట్టుకు ఎంపికైంది. రాష్ట్రస్థాయి పోటీలు నవంబరులో. పదో తరగతి స్పెషల్ క్లాసులు ఊపందుకునేదీ అప్పుడే. ఆ పిల్ల ఆటలోనే కాదు, లెక్కల్లోనూ ముందుంటుంది. పేచీ అక్కడే వచ్చింది. పంపడానికి వీల్లేదని లెక్కల మాస్టారు, పంపి తీరాలని ఆటలు నేర్పే పీడీ మేడం. మధ్యాహ్నం క్యారేజీలు విప్పిన దగ్గర మొదలైన వాదన బడి వదిలాక కూడా తెగలేదు. తెలుగు చెప్పే నేను పక్కనే కూచుని విన్నది ఇక్కడ రాస్తున్నాను. నేను మేడం వైపే. అయినా మాస్టారి మాటల్లో మనం జవాబు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, అందుకని ఆయన వాదనలో ఏదీ తగ్గించలేదు.

లెక్కల మాస్టారు: ఆటలంటే నాకు గిట్టదని అనుకోకండి మేడం. సాయంత్రంపూట పిల్లలు గ్రౌండులో పరిగెత్తాలి, చెమట పట్టాలి, ఆకలేసి ఇంటికెళ్ళాలి. అది ఆట. మీరు చేయించేది పోటీ. ఆ పిల్ల వాళ్ళమ్మ జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. మొన్న పేరెంట్స్ మీటింగులో సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకుంటే చూశాను. జీడి రసానికి వేళ్ళ చివర్లు నల్లగా కమిలిపోయి, తోలు లేచిపోయి ఉన్నాయి. ఆ ఇంటికి ట్రిపుల్ ఐటీ సీటు తప్ప ఇంకో దారి నాకు కనపడదు. ఎంట్రన్సు లేదు, కోచింగు ఫీజు లేదు, పదో తరగతి మార్కులే. ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం కలుపుతారు కూడా. ఆరేళ్ళకు ఇంజనీరై బయటికొస్తుంది. అలాంటి ఏడాదిలో పది రోజులు పట్టుకుపోతానంటే నేనెలా ఊరుకుంటాను?

పీడీ మేడం: పది కాదు మాస్టారూ. క్యాంపు, ప్రయాణం, పోటీలు అన్నీ కలిపి వారం. ఆ వారంలో పోయే పాఠాలు మీరు మూడు ఆదివారాల్లో చెప్పగలరు. రాష్ట్రస్థాయిలో ఆడే అవకాశం మూడు ఆదివారాల్లో తిరిగి రాదు.

లెక్కల మాస్టారు: నా మాట వద్దు, పుల్లెల గోపీచంద్ మాటైనా వింటారా? 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినాయన, సైనానీ సింధునీ ఒలింపిక్ పతకాల దాకా తీసుకెళ్ళినాయన. 2025 ఫిబ్రవరిలో ఆయనే చెప్పారు, ఇంట్లో డబ్బో వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లోకి దించొద్దని. నూటికి ఒక్కరు కూడా ఆట మీద నిలబడలేరు, మిగతావాళ్ళ గతేమిటని అడిగారు. ఆటలో అంత ఎత్తుకెళ్ళిన మనిషి అన్న మాట అది.

పీడీ మేడం: ఆయన అన్నది ఆటను బతుకుదెరువు చేసుకునేవాళ్ళ సంగతి. ఇరవై దాటాక చదువూ లేక, ఉద్యోగమూ లేక, మోకాలు పోగొట్టుకుని మిగిలిపోయేవాళ్ళ సంగతి. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఈ పిల్లను ఖోఖో మీద బతకమని నేననడం లేదు కదా. మీరు త్రికోణమితి చెప్తారు. మన బడిలో చదివినవాళ్ళలో త్రికోణమితి మీద బతికేవాళ్ళు ఎందరు? అయినా చెప్తారు, చెప్పాలి. అది చదువు. స్కూలు తరఫున ఇంకో స్కూలుతో ఆడటం కూడా చదువేనని నా వాదన. కాకపోతే అది బెంచీ మీద కూచుని నేర్చుకునేది కాదు.

లెక్కల మాస్టారు: త్రికోణమితికి మార్కులున్నాయి. మీ చదువుకు ఏముంది? స్పోర్ట్స్ కోటా అంటారు. ఇంజనీరింగులోనూ మెడిసిన్‌లోనూ అర శాతం. అంటే రెండు వందల సీట్లకు ఒకటి. దానికోసం దొంగ సర్టిఫికెట్లు పుట్టించేవాళ్ళతో మన పిల్లలు పోటీపడాలి.

పీడీ మేడం: కోటా ఊసు నేను ఏ తల్లిదగ్గరా ఎత్తను మాస్టారూ. ఎత్తితే ఒప్పించడం తేలికే. రేపు ఆ సీటు రాకపోతే ఆడిందంతా దండగన్న మాట ఆ ఇంట్లో ఖాయమైపోతుంది. ఆ తర్వాత చెల్లెల్ని గ్రౌండుకి పంపరు.

లెక్కల మాస్టారు: మరి ఏం చెప్పి పంపమంటారు?

పీడీ మేడం: మీరొకసారి ప్రాక్టీసుకు వచ్చి చూడండి. ఎనిమిదిమంది చేజర్లు ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి వరసగా కూచుంటారు. తొమ్మిదో పిల్ల తరుముతుంది. ఒకసారి ఒక దిక్కు పట్టిందంటే పోల్ దాకా అటే వెళ్ళాలి, వెనక్కి తిరగకూడదు, కూచున్నవాళ్ళ మధ్యలోంచి దూరకూడదు. ముందు పరిగెత్తే రన్నరుకు ఆ కట్టుబాట్లేవీ లేవు. అది ఎటైనా జారిపోతుంది. అంచేత తనకు అందని రన్నరును పట్టుకోవాలంటే కూచున్నవాళ్ళలో ఒకరి వీపు తట్టి ‘ఖో’ అనడమే దారి. ఎవరికివ్వాలి, ఇప్పుడివ్వాలా, ఇచ్చినట్టు భ్రమపెట్టి ముందుకు పోవాలా, ఇదంతా రెప్పపాటులో తేలాలి. నిరుడు మండల పోటీల్లో రన్నరు మన పిల్ల చేతికి అందీ అందనంత దూరంలో ఉంది. చెయ్యి చాస్తే పాయింటు దీని పేరున పడేదే. చాచలేదు. ఖో ఇచ్చేసింది. వెనకాల కూచున్న ఎనిమిదో తరగతి పిల్ల లేచి రెండంగల్లో పట్టేసింది. ఆ నిర్ణయం నేను ప్రాక్టీసులో ఎన్నిసార్లు చేయించినా రాలేదు. అవతల పరాయి బడి, చుట్టూ అరుపులు, విజిల్ మోగడానికి క్షణాలు, అప్పుడొచ్చింది. ఉత్తినే ఆడుకుంటే చాలదా అంటారే, దీనికి చాలదు.

లెక్కల మాస్టారు: ఖోఖో అంటే ఇంకా చిన్నపిల్లల ఆటే అనుకుంటారు జనం.

పీడీ మేడం: 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగింది. మగవాళ్ళదీ ఆడవాళ్ళదీ రెండూ మనవాళ్ళే గెలిచారు, రెండు ఫైనల్సూ నేపాల్ మీదే. మన రాష్ట్రం కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఆ జట్టులో ఉన్నాడు. జనం అనుకోవడానికేం, అనుకోనివ్వండి.

లెక్కల మాస్టారు: సరే, పోటీ కావాలి అంటున్నారు. మరి నార్వేవాళ్ళకు ఏం చెప్తారు? అక్కడ పిల్లల ఆటలకు రాసిపెట్టుకున్న నియమాలున్నాయి. పదకొండో ఏడు వచ్చేదాకా ఫలితాల పట్టికలు పెట్టరు, ర్యాంకులివ్వరు. పదమూడేళ్ళ లోపు జాతీయ ఛాంపియన్‌షిప్పులు లేవు. అంతా కలిపి యాభై లక్షల పైచిలుకు జనాభా. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు పట్టుకెళ్ళారు. మనమేమో అండర్-14 అని పేరుపెట్టి పన్నెండేళ్ళవాణ్ణి జాతీయ పోటీలకు రైలెక్కిస్తాం. అక్కడికి పోతే ఎదుటి జట్టులో నూనూగు మీసాలవాళ్ళు. పుట్టిన తేదీ దిద్ది తెచ్చినవాళ్ళు. మణికట్టుకి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూడాల్సి వస్తోందంటే దాన్ని పిల్లల ఆట అనడానికి నాకు నోరు రావడం లేదు.

పీడీ మేడం: వయసు దొంగతనం గురించి మీరింకా తక్కువ చెప్పారు. ఆ తేదీ దిద్దేది పిల్లాడు కాదు. వాడి వెనకున్న పెద్దవాళ్ళు. వాడికి పద్నాలుగేళ్ళకే అబద్ధం చెప్పి గెలవడం నేర్పుతున్నారు. అలాంటి జట్టు చేతిలో ఓడి వచ్చిన మన పిల్లలకు నేను సర్దిచెప్పలేకపోయిన రోజులున్నాయి. ఆ దొంగతనాన్ని పట్టుకుని పోటీ నుంచి గెంటెయ్యాలి, పోటీనే గెంటేస్తే ఎలా? ఇక నార్వే. మీరు సగమే చెప్పారు. వాళ్ళు మ్యాచులు ఆపలేదు. చిన్నపిల్లలు కూడా జట్లు కట్టి ఆడతారు, గోల్స్ లెక్కపెట్టుకుంటారు. ఆపింది వడపోతను. పదేళ్ళప్పుడు ఎవరు ఆటగాళ్ళవుతారో తేల్చడం ఎవరి తరమూ కాదు. అప్పుడే ఏరేస్తే ఏరగా మిగిలినవాళ్ళు ఆట మానేస్తారని వాళ్ళ భయం. నేనూ అదే అంటున్నాను. మన పిల్లకు పదిహేనేళ్ళొచ్చాయి. ఇప్పుడు పోటీ దాని హక్కు.

లెక్కల మాస్టారు: ఆడపిల్ల. అది కూడా చూడాలి.

పీడీ మేడం: అదే నేను ముందు చూసేది.

ఇక్కడ మేడం మాట్లాడే తీరు మారింది. అంతదాకా జవాబులిస్తూ వచ్చిన మనిషి క్యారేజీ పక్కకు పెట్టి చెప్పడం మొదలెట్టారు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పద్యాలు చెప్తున్న నాకు మా బడి ఆడపిల్లల గురించి ఈ సంగతి తట్టలేదు.

పీడీ మేడం: ఆరో తరగతిలో మన ఆడపిల్లలు మగపిల్లల్ని తోసుకుని గ్రౌండుకి వస్తారు. ఎనిమిదికొచ్చేసరికి ఒక్కొక్కరే తగ్గిపోతారు. పెద్దమనిషయ్యాక పరుగులేంటని అమ్మమ్మ అంటుంది. ఇంటి దగ్గర గిన్నెలు, తమ్ముడు, నీళ్ళు. ‘ఆడుకోవడానికెళ్తా’ అంటే ఏ ఇంట్లోనూ పంపరు. ఆడుకోవడానికి ఆడపిల్లకు అనుమతి లేదు మాస్టారూ. ‘స్కూలు తరఫున మ్యాచుంది’ అంటే పంపుతారు. హెడ్మాస్టరు సంతకంతో కాగితం వస్తే, జెర్సీ మీద ఊరి పేరుంటే, వాళ్ళ నాన్నే సైకిలు మీద దింపుతాడు. మీకు పోటీ, ఆట రెండూ వేరుగా కనపడుతున్నాయి. మగపిల్లలకు వేరే కావచ్చు. వాళ్ళకు వీధి ఉంది, చెరువు గట్టుంది, పొలం కోశాక కళ్ళముంది. పోటీ తీసేస్తే మగపిల్లలకు ఆట మిగులుతుంది. ఆడపిల్లలకు ఏదీ మిగలదు.

లెక్కల మాస్టారు: బాగానే ఉంది. పంపాక? రాష్ట్ర పోటీలంటే వేరే జిల్లాలో ఏదో బడిలో క్లాసు గదుల్లో చాపలేసుకుని పడుకోవాలి. బాత్రూములకు గడియలుండవు. 2023లో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూచున్న రెజ్లర్లు ఎవరు? వినేశ్ ఫోగాట్, ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి మలిక్. వేధిస్తున్నారని వాళ్ళంతటివాళ్ళు చెప్పినా వినిపించుకోవడానికి ఎన్ని నెలలు పట్టింది? మన జీడిపిక్కల ఆవిడ కూతురు చెప్తే ఎవరు వింటారమ్మా?

పీడీ మేడం: దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. నేను చేసేది చెప్తాను. ఏ పిల్లనూ ఒంటరిగా ప్రాక్టీసుకు పిలవను. పిల్లలున్న గదిలోనే నేనూ పడుకుంటాను. రాత్రి ప్రతి పిల్లా ఇంటికి ఫోను చేసి మాట్లాడుతుంది, నా ఎదురుగా కాదు, పక్కకెళ్ళి. బీరువాలో ప్యాడ్లుంటాయి, అడక్కుండా తీసుకోవచ్చు. ఎవరైనా చెయ్యి వేస్తే, మాట జారితే నాకే చెప్పక్కర్లేదు, మీకు చెప్పినా చాలు అని పిల్లలకు చెప్పాను. మిమ్మల్నే చెప్పాను మాస్టారూ, అడక్కుండా. బాత్రూము గడియ సంగతి మాత్రం నిర్వాహకుల్ని ప్రతి ఏడూ అడుగుతున్నాను, ఈ ఏడూ అడుగుతాను. గడియ లేదని పిల్లల్ని మాన్పిస్తే గడియ ఎప్పటికీ పడదు.

లెక్కల మాస్టారు: నా పేరు చెప్పారా?

పీడీ మేడం: మీకు భయపడతారు, అయినా నమ్ముతారు.

ఆరోగ్యం మాట ఇద్దరూ ఎక్కువ ఎత్తలేదు, ఎందుకంటే దాని మీద తగువు లేదు. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు గంటైనా ఒళ్ళు వంచే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పదకొండు నుంచి పదిహేడేళ్ళ మధ్య పిల్లల్లో 81 శాతానికి అది దక్కడం లేదని 2019లో ఆ సంస్థ లెక్క తేల్చింది. మా పదో తరగతికి సాయంత్రం ఆరు దాకా క్లాసులు. ఆ గంట ఎక్కడి నుంచి వస్తుందో మాస్టారు కూడా చెప్పలేకపోయారు. బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే షెడ్యూల్లో రాసింది. మాకు స్థలముంది, లేనిది టైమ్‌టేబుల్లో చోటు.

పీడీ మేడం: మీరు మార్కులు మార్కులంటున్నారు కాబట్టి ఒకమ్మాయి గురించి చెప్తాను. వరంగల్ జిల్లా కల్లెడ ఊరు, జీవంజి దీప్తి. మేధోపరమైన లోపంతో పుట్టింది. ఊళ్ళో ఆ పిల్లను ఎన్ని మాటలన్నారో వాళ్ళమ్మా నాన్నా తర్వాత చెప్పుకున్నారు. కూలి చేసుకునేవాళ్ళు. మార్కుల జాబితా ఎన్నేళ్ళు తిరగేసినా ఆ పేరు మనకు పైన కనపడదు. బడి పరుగు పందెంలో పీఈటీ కంటపడింది. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చూశారు, హైదరాబాదు తీసుకెళ్ళారు. 2024లో కోబె పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆ పిల్లకు బడిలో పోటీ లేకపోయుంటే?

లెక్కల మాస్టారు: ఒక్క దీప్తిని చూపించి అందర్నీ పరిగెత్తమనడం లెక్క కాదు మేడం. గెలిచినవాళ్ళ కథలే మనదాకా వస్తాయి. అదే పందెంలో ఆఖరున వచ్చిన పిల్ల కథ మీకు తెలుసా? మా చిన్నప్పుడు ఈ బడుల ఆటల్నే గ్రిగ్ పోటీలనేవాళ్ళు. ఊరంతా బండ్లు కట్టుకుని పోయేది. అప్పుడూ ఇదే. మన బడిలో పిల్లలు నాలుగొందల పైచిలుకు. మీ ఖోఖో జట్టు పన్నెండుమంది. మిగతావాళ్ళు గట్టు మీద కూచుని చప్పట్లు కొడతారు. మీ పోటీ వాళ్ళకు నేర్పిందల్లా ‘నీకు రాదు’ అన్న ఒక్క మాట.

పీడీ మేడం: ఓడిపోవడం కూడా ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కదా. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన కరణం మల్లీశ్వరికి ఆఖరి ప్రయత్నం మిగిలింది. అప్పటికి 110, 130 మొత్తం 240 కిలోలు ఎత్తి ఉంది. 137.5 కిలోలు పెట్టించుకుంది. ఎత్తితే బంగారమే. ఎత్తలేకపోయింది. కాంస్యంతో వచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఊసవానిపేట పిల్ల అంత బరువు అడగడానికి అంతకుముందు ఎన్నిసార్లు పడేసి ఉండాలి? మన పిల్లలకు పడెయ్యడం ఎవరు నేర్పుతున్నారు? వాళ్ళకు ఓటమంటే మార్కులే. అదీ ఏడాదికొకసారి, ఒంటరిగా, ఫోను తెర మీద. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పేపర్లు దిద్దడంలోనే తప్పులు జరిగిన ఏడాది అది, ఆ పాపం వేరేవాళ్ళది. ఆటలాడి ఉంటే బతికేవాళ్ళని నేనెప్పుడూ అనను, అది ఆ పిల్లల పట్ల అన్యాయం. మ్యాచ్ ఓడితే పక్కన ఇంకా పదకొండుమంది ఓడినవాళ్ళుంటారు, అందరం కలిసి బస్సెక్కి వస్తాం. అంతవరకే నా మాట.

లెక్కల మాస్టారు: ఓడటం నేర్పడానికి ఓడగొట్టాలా?

పీడీ మేడం: ఓడినవాడికి రేపు ఇంకో మ్యాచుంటే నేర్పినట్టు. లేకపోతే ఓడగొట్టినట్టే.

లెక్కల మాస్టారు: మరి మీ పోటీల్లో ఆ ఇంకో మ్యాచ్ ఎక్కడుంది? మండల పోటీలు నాకౌట్ పద్ధతి. ఎనిమిది బడులొస్తే మొత్తం ఏడు మ్యాచులు. మొదటి రౌండు కాగానే నాలుగు బడులు ఇంటికి. ఆట వచ్చిన జట్టుకు మూడు మ్యాచులు, రానిదానికి ఒక్కటి. బాగుపడాల్సినవాడికే తక్కువ ఆట. నేను లెక్కలు అలా చెప్తే ఒప్పుకుంటారా? జూన్‌లో మొదటి స్లిప్ టెస్టు తప్పినవాణ్ణి ‘నువ్వు మళ్ళీ వచ్చే జూన్‌లో రా’ అని వరండాలో నిలబెడితే?

నాకు తెలిసి ఆ రోజు మాటల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. పోటీ వద్దన్న మనిషి పోటీలో ఉన్న లోపాన్ని వేలు పెట్టి చూపించాడు. పిల్లల్ని ఆటల్లోకి రండని పిలిచేవాళ్ళం పతకాలు చూపిస్తాం, జెండాలు చూపిస్తాం. వచ్చిన పిల్లాడు ఎన్ని మ్యాచులు ఆడాడని లెక్కచూడం. 1954 నుంచి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఉంది. అండర్-14, 17, 19 అని విభాగాలున్నాయి. మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయస్థాయి అని మెట్లున్నాయి. ప్రతి మెట్టు మీదా కొందర్ని దింపేస్తూ పైకి వెళ్ళే నిచ్చెన అది. దిగిపోయినవాళ్ళు ఆడుకోవడానికి కింద ఏమీ లేదు.

పీడీ మేడం: మీరన్నది నిజం. పదో తరగతిలో లెక్కలు తప్పినవాడికి ఫలితాలొచ్చిన నెల రోజులకు అటూ ఇటుగా సప్లిమెంటరీ ఉంది. కబడ్డీలో ఓడినవాడికి ఏడాదంతా ఏమీ లేదు. మండలం మీదా జిల్లా మీదా మన చెయ్యి ఉండదు. మూడు రోజుల్లో అన్ని ఆటలూ ముగించాలి, మైదానం ఒకటే, రిఫరీలు ముగ్గురు. అందుకే నాకౌట్. బడి లోపల మాత్రం మన ఇష్టం. ఇంట్రామ్యూరల్స్ అని కాగితం మీద ఉన్నవి నిజంగా ఆడిద్దాం. ఆరు నుంచి తొమ్మిది దాకా క్లాసులకు క్లాసులు కలిపి ఎనిమిది జట్లు.  ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఆడాలి.

లెక్కల మాస్టారు: లీగ్ అంటారు. ఎనిమిదిని ఏడుతో గుణించి రెండుతో భాగిస్తే 28 మ్యాచులు. రోజుకు రెండు పెడితే 14 పనిదినాలు. ఆఖరు జట్టు కూడా ఏడు మ్యాచులు ఆడుతుంది.

పీడీ మేడం: ఎనిమిది జట్లంటే తొంభై ఆరుమంది. ఖోఖో కాగానే కబడ్డీ పెడితే వేరే తొంభై ఆరుమంది. ఆడలేని పిల్లలుంటారు, ఆస్తమా ఉన్నవాళ్ళు, కాలు బాగాలేనివాళ్ళు. వాళ్ళు స్కోరు రాస్తారు, టైమ్ చూస్తారు, రిఫరీకి తోడుంటారు. విజిల్ చేతికిస్తే పిల్లలు ఎంత న్యాయంగా ఉంటారో మీరు చూడాలి. ఇలా ఆటలు మారుస్తూ పోతే ఎవరూ గట్టు మీద కూచోరు.

లెక్కల మాస్టారు: పాయింట్ల పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టండి. పెట్టేముందు నాకివ్వండి, తొమ్మిదో తరగతివాళ్ళతో సరాసరి చేయిస్తాను. ఆఖరున ఉన్న జట్టును వెక్కిరించకుండా చూసుకోవాలి.

పీడీ మేడం: ఆఖరు జట్టులో ఎనిమిదో తరగతి పెద్దపిల్లల్ని వేస్తాం వచ్చే విడత. జట్లు ప్రతి విడతా మారుద్దాం. ఒకే జట్టు మీద ఓటమి ముద్ర పడకూడదు. ఇంతకీ, మన పిల్ల సంగతి ఏం తేల్చారు?

లెక్కల మాస్టారు: నేను తేల్చేదేంటి, సంతకం హెడ్మాస్టరుది. నన్ను అడిగితే మాత్రం చెప్పాల్సింది చెప్తాను. వెళ్ళేముందు ఒక ఆదివారం, వచ్చాక రెండు ఆదివారాలు నా దగ్గరకు రావాలి. అక్కడ రాత్రిపూట ఒక గంట మీరు కూచోబెట్టాలి, నేను చేయాల్సిన లెక్కలు రాసిస్తాను. చేసినవి నాకు ఫోనులో ఫొటో పంపాలి. వచ్చిన పదో రోజున పరీక్ష పెడతాను. అందులో తగ్గితే జనవరి నుంచి ప్రాక్టీసు లేదు.

పీడీ మేడం: తగ్గదు. ఆ గంట నేను కూచోబెడతాను. ఆదివారాలు దాన్ని వాళ్ళ ఊరి నుంచి ఎవరు తెస్తారు? బస్సు లేదు.

లెక్కల మాస్టారు: నా బండి మీద నేనూ మా ఆవిడా వెళ్ళి తెస్తాం. మా ఇంట్లోనే భోజనం. వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను, మీరొద్దు. నేను వద్దన్నానని ఆవిడకు ఇప్పటికే తెలుసు. సరేనన్నది కూడా నా నోటే వింటే నమ్ముతుంది.

పీడీ మేడం: లీగ్‌కి చివరి పీరియడ్లు కావాలి మాస్టారూ. బుధవారం, శుక్రవారం. రెండూ మీవే. పదో తరగతివాళ్ళనీ కలుపుకుందాం.

లెక్కల మాస్టారు: బుధవారం ఎనిమిదో తరగతిది, ఇస్తాను. శుక్రవారం పదో తరగతిది, అది మాత్రం అడక్కండి.

పీడీ మేడం: ఈ ఏడాది అడగను.